రోజువారీ లెన్సులకు మారమన్నారు, ఖర్చుకు తగిన మేలు ఉందా?

పెన్నాతీరం (నెల్లూరు)

అందరికీ నమస్కారం. ఆరేళ్లుగా నెలవారీ కాంటాక్ట్ లెన్సులు వాడుతున్నాను. కళ్లజోడు పవర్ కుడి కంటికి మైనస్ 5.50, ఎడమ కంటికి మైనస్ 6. దర్గామిట్టలో ఉంటాను. రోజూ పెన్న దాటి కోవూరు వెళ్లి ఒక జూనియర్ కళాశాలలో వృక్షశాస్త్రం చెబుతాను.

రెండు నెలల క్రితం ఒక మంగళవారం తెల్లవారుజామున ఎడమ కన్ను నొప్పితో మెలకువ వచ్చింది. లైటు వేస్తే చూడలేకపోయాను. నీళ్లు ధారగా కారుతున్నాయి. కంటికలక అనుకుని ఇంట్లో ఉన్న పాత చుక్కల మందు వేసుకున్నాను. ఆ పని చేయకూడదని తర్వాత తెలిసింది. మధ్యాహ్నం అద్దంలో చూసుకుంటే నల్లగుడ్డు అంచు మీద ఆవగింజలో సగమంత తెల్లని చుక్క కనిపించింది. భయం వేసి వెంటనే పొగతోటలోని కంటి ఆసుపత్రికి పరుగెత్తాను. కార్నియా మీద, అంటే నల్లగుడ్డును కప్పే పారదర్శకమైన పొర మీద, పుండు పడిందని డాక్టరు గారు చెప్పారు. మొదటి రెండు రోజులు రాత్రింబవళ్లు గంటగంటకూ చుక్కలు వేయాల్సి వచ్చింది. అమ్మ అలారం పెట్టుకుని లేచి వేసింది. మొత్తం పన్నెండు రోజులు సెలవు పెట్టాను.

మూడో రోజు డాక్టరు గారు నా లెన్సు డబ్బా, అంటే రాత్రిపూట లెన్సులను సొల్యూషన్ (శుభ్రపరిచే ద్రవం)లో నానబెట్టేది, తెమ్మన్నారు. మూత తిప్పి దూదిపుల్లతో అడుగును తుడిచి నాకు చూపించారు. బెండకాయ కోసినప్పుడు కత్తికి అంటుకునే జిగురు ఉంటుంది చూడండి, అలాంటిది పుల్లకు సాగుతూ వచ్చింది. "రోజూ కొత్త సొల్యూషన్ పోస్తున్నాను కదండీ" అన్నాను. "పాతది పారబోసి పోస్తున్నారా, దాని మీదే పోస్తున్నారా?" అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. బడలికగా ఉన్న రాత్రుల్లో పాతదాని మీదే పోసేదాన్ని.

ఇప్పుడు కన్ను నయమైంది. ఇక మీద లెన్సు కావాలంటే రోజువారీవే వాడమన్నారు. పొద్దున తెరిచి, రాత్రి పారేసేవి. నేను అడిగిన చోట 30 లెన్సుల డబ్బా 1,100 రూపాయలు. రెండు కళ్లకు రెండు డబ్బాలు, అంటే నెలకు 2,200. నాన్నగారు బియ్యం వ్యాపారం చేసిన మనిషి. "పొద్దున తెరిచిన వస్తువును సాయంత్రానికి చెత్తబుట్టలో వేయడమేమిటి తల్లీ" అంటున్నారు. ఆ మాట నాకూ కొంత న్యాయంగానే తోస్తోంది. వాడినవారు చెప్పండి. నిజంగా తేడా ఉంటుందా?

ట్రంకురోడ్డు (నెల్లూరు)

ముందు మీ కన్ను బాగుపడినందుకు సంతోషం. నేను పదకొండేళ్లుగా నెలవారీవే వాడుతున్నాను, ఒక్కసారి కూడా ఇబ్బంది రాలేదు. జత 700, సొల్యూషన్ 250, మొత్తం 950లో నెల గడుస్తుంది. చేతులు కడుక్కోవాలి, లెన్సును అరచేతిలో పెట్టి వేలితో రుద్ది కడగాలి, డబ్బా నెలకోసారి మార్చాలి. ఇంతే. తప్పు అలవాటుది, లెన్సుది కాదు. అలవాటు మార్చుకుంటే చాలు, నెలకు పన్నెండు వందలు మిగులుతాయి.

రొయ్యలగుంట (ఇందుకూరుపేట)

ఈ చర్చ నాకూ అవసరం. రొయ్యల చెరువుల దగ్గర టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. చెక్ ట్రే పైకి లాగి మేత ఎంత తిన్నాయో వంగి చూసేటప్పుడు చెమటకు కళ్లజోడు జారిపోతుంది. రెండుసార్లు చెరువులోనే పడింది. ఒకసారి దొరికింది, ఒకసారి దొరకలేదు. చెరువు నీటిని చిలికే ఏరియేటర్లు తిరిగేటప్పుడు అద్దాల మీద తుంపర పడి ఏమీ కనబడదు. లెన్సులు పెట్టుకుందామనుకుంటున్నాను. రోజువారీవి మంచివా?

కావలి_కళ్లద్దాలు (కావలి)

పద్దెనిమిదేళ్లుగా కళ్లు పరీక్షించి అద్దాలు, లెన్సులు ఇచ్చే పనిలో ఉన్నాను. లెన్సులు అమ్మే మనిషిని కనుక నా మాటను ఆ లెక్కలోనే తూచండి.

ట్రంకురోడ్డు గారు చెప్పినది నిజం. శ్రద్ధగా వాడితే నెలవారీ లెన్సు చెడ్డది కాదు. అయితే ఆ శ్రద్ధ ఏడాదిలో 365 రాత్రులు తప్పకుండా ఉండాలి. పెళ్లి నుంచి అర్ధరాత్రి తిరిగి వచ్చిన రోజున, జ్వరం వచ్చిన రోజున, కరెంటు పోయిన రోజున కూడా ఉండాలి. అన్నేళ్లు అలా నిలబడినవారిని నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. ఆయన అందులో ఒకరు.

లెన్సు వల్ల వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం లెన్సులో ఉండదు. అది కంటి నుంచి బయటికి వచ్చి, మళ్లీ కంట్లోకి వెళ్లే దారిలో ఉంటుంది. డబ్బా, సొల్యూషన్, స్నానాల గదిలో డబ్బా పెట్టే గట్టు, ఆ గట్టు మీద కుళాయి నుంచి చిందే నీళ్లు. పెన్నాతీరం గారు చూసిన జిగురు సూక్ష్మజీవులు తమ చుట్టూ కట్టుకునే పొర. ఒకసారి ఆ పొర ఏర్పడితే లోపల ఉన్నవాటిని సొల్యూషన్ సరిగా తాకలేదు. దాని మీద పాత సొల్యూషనే ఉంటే మందు బలం కూడా తగ్గిపోయి ఉంటుంది. రోజువారీ లెన్సులో ఆ దారి మొత్తం మూసుకుపోతుంది. డబ్బా లేదు, సొల్యూషన్ లేదు. నా దృష్టిలో దాని అసలు మేలు ఇదే, మిగిలినవన్నీ దీని తర్వాతే.

రెండోది పేరుకుపోయే పొర. కన్నీళ్లలో మాంసకృత్తులు, కొవ్వు ఉంటాయి. అవి లెన్సు మీద పట్టుకుంటాయి. ఎంత రుద్దినా కొంత మిగులుతుంది. మూడో వారానికి కన్ను గరగరలాడటం, పుసి కట్టడం, పై రెప్ప లోపలి వైపు చిన్న చిన్న పొక్కులు లేవడం, రెప్ప వేసినప్పుడల్లా లెన్సు పైకి జారడం చాలామందిలో చూస్తాను. దుమ్ముకు, పుప్పొడికి కళ్లు దురద పెట్టేవారిలో ఇది మరీ ఎక్కువ. అలాంటివారికి రోజువారీవి ఇస్తే వారం తిరగకుండానే తేడా చెబుతారు.

వాడే తీరు కూడా తేలిక. రేకు ఒలిస్తే చిన్న గిన్నెలో ఉప్పునీటిలో లేత నీలి రంగు లెన్సు తేలుతూ ఉంటుంది. చూపుడు వేలి కొన మీద నిలబెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని పక్క నుంచి చూడండి. అంచులు గిన్నెలా నిటారుగా లేస్తే సరిగ్గా ఉన్నట్టు. పళ్లెం అంచులా బయటికి వాలితే తిరగబడినట్టు. వేలు తడిగా ఉంటే లెన్సు వేలినే అంటుకుని కంట్లోకి దిగదు. కొత్తవారు అద్దం ముందు అరగంట అవస్థపడేది దీనివల్లే. చేతులు కడిగాక నూగు రాలని గుడ్డతో బాగా తుడుచుకోవాలి.

రొయ్యలగుంట తమ్ముడూ, మీ ప్రశ్నకు విడిగా జవాబు కావాలి. అది డాక్టరు గారు చెబితేనే బాగుంటుంది.

నేత్రవైద్యం_ఒంగోలు (ఒంగోలు)

కంటి వైద్యుడిగా ఒక విషయం ముందే చెప్పాలి, లేకపోతే ఈ చర్చ ఒక వైపుకే ఒరిగిపోతుంది. రోజువారీ లెన్సు వాడితే ఇన్ఫెక్షన్ రాదని అనుకోకండి. 2008లో ఆస్ట్రేలియాలో వెలువడిన పెద్ద అధ్యయనంలో, పగలు మాత్రమే మెత్తని లెన్సులు వాడేవారిలో ఏడాదికి పది వేల మందికి సుమారు ఇద్దరికి కార్నియా ఇన్ఫెక్షన్ వచ్చింది. రోజువారీవి వాడినవారిలోనూ దాదాపు అంతే. లెన్సులు తీయకుండా నిద్రపోయేవారిలో ఆ సంఖ్య ఇరవై, అంతకు మించి ఉంది. అదే ఏడాది లండన్ నుంచి వచ్చిన అధ్యయనం కూడా రోజువారీ లెన్సులకు ఇన్ఫెక్షన్ నుంచి మినహాయింపు ఇవ్వలేదు. కానీ ఆ లండన్ అధ్యయనంలోనే ఇంకో మాట తేలింది. రోజువారీ లెన్సు వాడేవారికి ఇన్ఫెక్షన్ వచ్చినా, దానివల్ల చూపు దెబ్బతినే అవకాశం తక్కువ. డబ్బాలో పెరిగే మొండి క్రిముల బెడద తగ్గడం ఇందుకు ఒక కారణమని వైద్యులు భావిస్తారు. నా గదికి వచ్చే రోగుల విషయంలో నాకు ఆ తేడా చాలా పెద్దది. పుండు మానినా మచ్చ నల్లగుడ్డు మధ్యలో మిగిలిపోతే కళ్లజోడు దాన్ని సరిచేయలేదు.

కార్నియాకు రక్తనాళాలు ఉండవు. దానికి కావలసిన ప్రాణవాయువు ఎక్కువగా గాలి నుంచే, కన్నీటిలో కరిగి అందుతుంది. రెప్ప మూసుకుంటే ఆ సరఫరా తగ్గుతుంది, కింద లెన్సు కూడా ఉంటే ఇంకా తగ్గుతుంది. అందుకే లెన్సుతో నిద్ర వద్దంటాం. మధ్యాహ్నం భోజనం చేసి కునుకు తీసే అరగంటకూ ఇదే మాట. మెడికల్ షాపులు చుట్టి చివరికి నా దగ్గరికి వచ్చే వాళ్లలో "ఒక్క రాత్రే డాక్టరు గారూ" అనే వాళ్లే ఎక్కువ.

ఇందుకూరుపేట సోదరుడికి. చెరువు నీటిలో, కుళాయి నీటిలో, బోరు నీటిలో, మట్టిలో అకాంథమీబా అనే ఏకకణ జీవి ఉంటుంది. లెన్సు కింద చేరితే అది కార్నియాను తొలుస్తుంది. ఎంత నొప్పి ఉంటుందో చెప్పలేను. వైద్యం నెలల తరబడి సాగుతుంది. గట్టి పెంకు కట్టుకుని మందులకు లొంగకుండా దాక్కోగలదు. కాబట్టి చెరువు గట్టు మీద పనికి నేను ఏ లెన్సూ సిఫారసు చేయను. కళ్లజోడుకు తల వెనక నుంచి పట్టీ కట్టించుకోండి. కళ్లజోడు దుకాణాల్లో దొరుకుతుంది, ఖర్చు కొద్దిపాటిదే. లెన్సు మీ పెళ్లిచూపులకూ పండగలకూ ఉంచుకోండి.

రొయ్యలగుంట (ఇందుకూరుపేట)

పెళ్లయి నాలుగేళ్లయింది డాక్టరు గారూ. పట్టీ సంగతి నిజంగా తట్టలేదు, రేపే కట్టిస్తాను. ఒక అనుమానం. కార్యాలయంలో కూర్చుని లెక్కలు రాసే రోజున లెన్సు పెట్టుకుని, అనుకోకుండా చెరువు దగ్గరికి పిలిస్తే? తుంపర పడితే ఏం చేయాలి?

నేత్రవైద్యం_ఒంగోలు (ఒంగోలు)

వెంటనే అక్కడి నుంచి పక్కకు వచ్చి, శుభ్రమైన చేతులతో లెన్సు తీసి పారేయండి. కళ్లజోడు పెట్టుకోండి. లెన్సును కుళాయి నీటిలో కడిగి మళ్లీ పెట్టుకోవద్దు. ఇక్కడే రోజువారీది మిమ్మల్ని కాపాడుతుంది. నెలవారీ లెన్సు ఉన్న మనిషి "ఇంకా పద్దెనిమిది రోజులు ఉంది" అనుకుని కడిగి పెట్టుకుంటాడు. 37 రూపాయల లెన్సుకు ఎవరూ అంత ఆలోచించరు. కళ్లజోడు మాత్రం సంచిలో ఎప్పుడూ ఉండాలి.

ఇదే సందర్భంలో మైపాడు, కొత్తపట్నం తీరాల్లో కార్తీక పౌర్ణమి స్నానాలకు వెళ్లేవారికీ చెబుతున్నాను. లెన్సులు తీసేసి సముద్రంలో దిగండి.

చీమకుర్తి_నల్లరాయి (చీమకుర్తి)

గ్రానైట్ కోత కర్మాగారంలో సూపర్‌వైజరుగా ఉన్నాను. మూడేళ్లుగా రోజువారీవి వాడుతున్నాను కాబట్టి నా అనుభవం చెబుతాను.

మొదట లెన్సు దుమ్ము నుంచి కంటిని కాపాడుతుందని నమ్మాను. అది తప్పు. రాతి పొడి లెన్సు కిందకు దూరితే కళ్లజోడు ఉన్నప్పటికంటే ఎక్కువ బాధ. నాకు లెన్సు వల్ల కలిగిన మేలు వేరు. కళ్లజోడు మీద రక్షణ గాగుల్స్ సరిగా కూర్చునేవి కావు. పక్కల సందులుండేవి. విసుగొచ్చి తీసేసేవాణ్ని. లెన్సు పెట్టుకున్నాక గాగుల్స్ ముఖానికి అతుక్కుని కూర్చుంటాయి, షిఫ్టంతా తీయను. సాయంత్రం ఇంటికి వెళ్లి ముఖం కడుక్కునే ముందే లెన్సులు తీసి పారేస్తాను. నెలవారీవి వాడిన రోజుల్లో ఆ పొడి పట్టిన లెన్సునే రాత్రి డబ్బాలో నానబెట్టి మర్నాడు మళ్లీ కంట్లో పెట్టుకునేవాణ్ని. ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

ఒక హెచ్చరిక. మొదటిసారి కళ్లజోడు చీటీ చూసి ఆన్‌లైన్‌లో మైనస్ 7 తెప్పించుకున్నాను. నాలుగు రోజులు తలనొప్పి.

కావలి_కళ్లద్దాలు (కావలి)

అది చాలామంది చేసే పొరపాటు. కళ్లజోడు కంటికి సుమారు 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, లెన్సు కంటి మీదే ఉంటుంది. మైనస్ 4 దాటాక ఆ దూరం లెక్కలోకి వస్తుంది. కళ్లజోడు మైనస్ 7 అయితే లెన్సు మైనస్ 6.50. పెన్నాతీరం గారి ఎడమ కంటి మైనస్ 6కు లెన్సు మైనస్ 5.50 దగ్గరికి వస్తుంది. పవర్ ఒక్కటే కాదు, లెన్సు వంపు, వెడల్పు కూడా కంటికి నప్పాలి. బిగుతుగా కూర్చుంటే కింద కన్నీరు కదలదు, వదులుగా ఉంటే జారుతుంది. కంటి మీద పెట్టి, రెప్ప వేయించి, పరికరంలో చూసి నిర్ణయించాలి. మొదటిసారి తప్పకుండా పరీక్ష చేయించుకుని, ఆ లెన్సు చీటీ రాయించుకోండి. ఆ తర్వాత ఎక్కడ కొన్నా మీ ఇష్టం.

పెన్నాతీరం (నెల్లూరు)

ఇంతమంది ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. డాక్టరు గారి పోస్టు నాన్నగారికి చదివి వినిపించాను. "మచ్చ నల్లగుడ్డు మధ్యలో" అన్న చోట ఇంకోసారి చదవమన్నారు.

ఖర్చు సంగతి మాత్రం ఇంకా తేలలేదు. నెలకు 2,200 అంటే నా జీతంలో కనబడే మొత్తమే.

సీతమ్మతోట (టంగుటూరు)

నెలంతా ఎందుకు పెట్టుకోవాలి అమ్మా? నేను వారానికి మూడు రోజులే పెట్టుకుంటాను. పొగాకు ఆరబెట్టే బ్యారన్ల పని జరిగే రోజుల్లో ఆ వేడికి, పొగకు అసలే పెట్టుకోను. పెళ్లిళ్లకు, బంధువుల ఇళ్లకు వెళ్లినప్పుడు మాత్రమే. నా 30 జతలు రెండు నెలల పైన వస్తాయి. నెలవారీ లెన్సుతో ఈ వెసులుబాటు లేదు. పెట్టుకున్నా పెట్టుకోకపోయినా, తెరిచిన రోజు నుంచి నెల లెక్క. అప్పుడప్పుడు వాడే నాలాంటివారికి నెలవారీదే దండగ.

కాటుక పెట్టుకునే ఆడపిల్లలకు ఒక మాట. ముందు లెన్సు, తర్వాత కాటుక. తీసేటప్పుడు ముందు లెన్సు తీసి, తర్వాత ముఖం కడగాలి. పచ్చిమిరపకాయలు తరగాల్సి ఉంటే లెన్సులు తీసేశాకే తరగండి. మిరపకాయలు తరిగిన చేతులతో రాత్రి లెన్సు తీయబోయి ఒకసారి గంటసేపు ఏడ్చాను. సబ్బుతో రెండుసార్లు కడిగినా కారం వేలి చర్మంలో ఉండిపోతుంది.

కావలి_కళ్లద్దాలు (కావలి)

సీతమ్మతోట గారు చెప్పినదే చాలామందికి నప్పే పద్ధతి. లెక్క చూద్దాం. 1,100కు 30 అంటే ఒక లెన్సు 37 రూపాయల లోపు, ఒక రోజుకు జత 73 పైచిలుకు. పెన్నాతీరం గారు కళాశాల రోజుల్లో వారానికి నాలుగు రోజులు పెట్టుకుంటే నెలకు పదిహేడు రోజులు, సుమారు 1,250. మిగతా రోజులు కళ్లజోడు. కంటికీ విశ్రాంతి. నెలవారీ లెన్సు, సొల్యూషన్ ఖర్చు 950తో పోలిస్తే తేడా మూడు వందలు.

కొందరు ఈ ఖర్చు తగ్గించుకోవడానికి రోజువారీ లెన్సునే సొల్యూషన్‌లో పెట్టి మూడు నాలుగు రోజులు వాడుతున్నారు. దయచేసి ఆ పని చేయవద్దు. అది పలచగా చేసిన లెన్సు, రుద్ది కడిగితే చిరుగుతుంది, ఆకారం మారుతుంది. అలా వాడాలనుకుంటే నెలవారీదే తీసుకోవడం నయం.

పొదిలి_పొద్దు (పొదిలి)

నాకు సిలిండర్ పవర్ (కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోతే వచ్చేది) 3.50 ఉంది. ఏటా పెరుగుతోంది. రోజువారీవి దొరుకుతాయా?

కావలి_కళ్లద్దాలు (కావలి)

సిలిండర్‌కు రోజువారీవి ఉన్నాయి, కానీ మామూలుగా 2.25 వరకే దొరుకుతాయి. మీ విషయంలో లెన్సు కన్నా ముందు చూడవలసినది వేరే ఉంది. సిలిండర్ ఏటా పెరుగుతోందంటే కార్నియా శంఖంలా ముందుకు పొడుచుకు వస్తోందేమో పరీక్ష చేయించాలి. దాన్ని కెరటోకోనస్ అంటారు. కార్నియా వంపును పటంలా తీసే యంత్రం ఉన్నచోటికి వెళ్లండి. ఒంగోలులో అడగండి, లేదా విజయవాడ దగ్గర తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. అది ఉందని తేలితే చాలామందికి మెత్తని లెన్సు సరిపోదు, గాలి చొరబడే గట్టి లెన్సులు అవసరం పడతాయి. కళ్లు నలిపే అలవాటు ఉంటే ఈ రోజే మానేయండి.

మైపాడు_ఇసుక (మైపాడు)

అందరూ కంటి గురించి మాట్లాడారు, నేను సముద్రం గురించి మాట్లాడతాను. రోజుకు రెండు లెన్సులు, రెండు ప్లాస్టిక్ గిన్నెలు, రెండు రేకులు. ఏడాదికి 730 గిన్నెలు ఒక్క మనిషికి. ఇక్కడ ఒడ్డున పొద్దున నడిచేటప్పుడు కాలికి ఏమి తగులుతుందో మాకు తెలుసు. 2018లో అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు, లెన్సు వాడేవారిలో 15 నుంచి 20 శాతం మంది వాటిని సింకులోనో మరుగుదొడ్డిలోనో వేస్తున్నారని చెప్పారు. అవి కరగవు, ముక్కలై నీటిలో మిగులుతాయి. దీనికి మీ సమాధానం ఏమిటి?

నేత్రవైద్యం_ఒంగోలు (ఒంగోలు)

మీ ప్రశ్న సరైనదే, నా దగ్గర పూర్తి సమాధానం లేదు. నెలవారీ లెన్సులకూ సొల్యూషన్ సీసాలు, డబ్బాలు ఉంటాయి, కానీ గిన్నెల సంఖ్యలో రోజువారీవే ఎక్కువ చెత్త చేస్తాయి. కాదనను. లెన్సును సింకులో వేయవద్దని ప్రతి రోగికీ చెబుతాను, చెత్తబుట్టలోనే వేయాలి. వారానికి మూడు నాలుగు రోజులే పెట్టుకుంటే చెత్త కూడా ఆ మేరకు తగ్గుతుంది. అంతకు మించి, చూపుకూ చెత్తకూ మధ్య ఎంచుకోమంటే నేను వైద్యుడిని, చూపునే ఎంచుకుంటాను.

మైపాడు_ఇసుక (మైపాడు)

సూటిగా చెప్పినందుకు గౌరవం. గిన్నెలను విడిగా ఒక డబ్బాలో పోగుచేసి పొడి చెత్తలో ఇవ్వమని మాత్రం అందరినీ కోరుతున్నాను.

ఒంగోలు_అమ్మ (ఒంగోలు)

మా పాపకు పద్నాలుగేళ్లు, బ్యాడ్మింటన్ ఆడుతుంది. పవర్ మైనస్ 3. కళ్లజోడుతో పక్క నుంచి వచ్చే షటిల్ కనిపించడం లేదని గోల. ఈ వయసులో లెన్సు ఇవ్వవచ్చా? పిల్ల శుభ్రం చేసుకోగలదా అని నా భయం.

నేత్రవైద్యం_ఒంగోలు (ఒంగోలు)

వయసు కన్నా బాధ్యత ముఖ్యం అమ్మా. చెప్పినట్టు చేతులు కడుక్కునే పిల్ల, కన్ను ఎర్రబడితే దాచకుండా మీకు చెప్పే పిల్ల అయితే ఇవ్వవచ్చు. పిల్లలకు మేము రోజువారీవే ఎంచుకుంటాం, ఎందుకంటే శుభ్రం చేయడం, నిల్వ చేయడం అనే పనే వాళ్ల నెత్తిన ఉండదు. కళ్లజోడు ఫ్రేము అంచుల దగ్గర తెగిపోయే పక్కచూపు లెన్సులో తెగదు. మీ పాప చెబుతున్నది సరైన మాటే. ఆటకు వెళ్లే రోజుల్లో మాత్రమే పెట్టుకోమనండి.

పిల్లల్లో మైనస్ పవర్ పెరుగుదలను నెమ్మదింపజేసే రోజువారీ లెన్సులు కూడా వచ్చాయి. వాటిలో మైసైట్ అనేదానికి 2019లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ అనుమతి ఇచ్చింది, ఎనిమిది నుంచి పన్నెండేళ్ల మధ్య మొదలుపెట్టే పిల్లల కోసం. మీ పాప ఆ వయసు దాటింది కనుక మామూలువే చాలు. పవర్ ఏటా ఎంత పెరుగుతోందో మాత్రం పాత చీటీలన్నీ తీసి చూడండి.

ట్రంకురోడ్డు (నెల్లూరు)

నిన్న రాత్రి ఈ చర్చ మొత్తం చదివి నా డబ్బా మూత తీసి దూదిపుల్లతో తుడిచాను. శుభ్రంగానే ఉంది. అయినా ఏప్రిల్, మే నెలల్లో వడగాలికి, ఏసీ గదికి నా కళ్లు ఎండిపోయి మూడో వారంలో ఎర్రబడే మాట నిజం. దాన్ని ఇన్నాళ్లూ ఎండల ఖాతాలో రాశాను. ఈ వేసవి రెండు నెలలు రోజువారీవి వాడి చూస్తాను. తేడా ఉందో లేదో ఇక్కడే రాస్తాను.

కావలి_కళ్లద్దాలు (కావలి)

మంచి పని. కంప్యూటర్ ముందు రెప్పలు వేయడం మరిచిపోతాం, దానికి ఏ లెన్సూ మందు కాదు. అది కూడా గమనించండి.

సందర్భం వచ్చింది కనుక ఒక ముచ్చట. ఈ మెత్తని లెన్సును తయారుచేసే యంత్రం 1961లో ఒక వంటింట్లో పుట్టింది. చెకోస్లొవేకియా రసాయన శాస్త్రవేత్త ఓటో విక్టెర్లె క్రిస్మస్ సెలవుల్లో పిల్లల ఆటసామానుతో, సైకిల్ డైనమోతో ఒక యంత్రం కట్టి, అచ్చులను గిరగిర తిప్పి మొదటి లెన్సులు తీశారు. రోజుకొకటి పారేసేంత చవకగా తయారుచేయడం సాధ్యపడటానికి ఆ తర్వాత ముప్పై ఏళ్లు పైనే పట్టింది. 1990ల నడుమ గాని ఇవి బజారుకు రాలేదు. నా దుకాణంలో కొత్తవారికి రేకు ఒలిచి ఇచ్చే ప్రతిసారీ ఆ వంటింటి బల్ల గుర్తుకొస్తుంది.

పెన్నాతీరం (నెల్లూరు)

నిన్న పొగతోటలో మళ్లీ చూపించుకున్నాను. మచ్చ చిన్నది, అంచున ఉంది, చూపుకు అడ్డం రాదన్నారు. ఇంకో నెల ఆగి మొదలుపెట్టమన్నారు. కొత్త కొలతలు తీసి చీటీ రాశారు. ఎడమ కంటికి మైనస్ 5.50 అనే వచ్చింది, కావలి గారు చెప్పినట్టే. సోమవారం నుంచి గురువారం వరకు లెన్సు, మిగతా రోజులు కళ్లజోడు అని నిర్ణయించుకున్నాను. రోజువారీ లెన్సుల డబ్బాలు నాన్నగారే కొని తెచ్చారు. పాత లెన్సు డబ్బా, సగం మిగిలిన సొల్యూషన్ సీసా అమ్మ బయట పారేసింది.

ఒంగోలు_అమ్మ (ఒంగోలు)

కావలి గారూ, మా తోడికోడలు మీ ఊళ్లోనే ఉంటుంది. వచ్చే శనివారం పాపను తీసుకుని వస్తే కొలతలు తీసి, పెట్టుకోవడం నేర్పిస్తారా?

కావలి_కళ్లద్దాలు (కావలి)

తప్పకుండా రండమ్మా. ఉదయం పది లోపు వస్తే తీరికగా నేర్పించవచ్చు, మొదటి రోజు గంట పైనే పడుతుంది. కళ్లజోడు, పాత చీటీలు తీసుకురండి. పాపను గోళ్లు కత్తిరించుకుని రమ్మనండి.